కిలోంబావు శని

నేను పంతుల్ని కాను. కరెంటాఫీసులో బిల్లులు రాసి రిటైరైనవాణ్ణి. మీటరు తిరగడం తప్ప గ్రహాలు తిరగడం గురించి నాకేమీ తెలియదు. ఈ ముక్కే బోర్డు మీద రాయించి గేటుకు తగిలిద్దామంటే మా ఆవిడ పడనివ్వడం లేదు. "బోర్డు పెడితే ఇంకా అనుమానపడతారండీ. పట్టేవాడే, దక్షిణ పెంచడానికి బెట్టు చేస్తున్నాడనుకుంటారు" అంటుంది.

సంగతేమిటో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. 2025 మార్చి 29న శని కుంభరాశి ఖాళీ చేసి మీనంలో దిగాడు. మర్నాడే ఉగాది. పంచాంగ శ్రవణం అయిందో లేదో, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా వీధికి నల్లగుడ్డ మూటలు రావడం మొదలైంది. మూటలో నల్ల నువ్వులు కిలోంబావు, చిన్న సీసాడు నువ్వుల నూనె, ఒక ఇనుప మేకు, పైన పదకొండు రూపాయల దక్షిణ. అన్నీ సిద్ధమే, పట్టేవాడే కరువు. అసలు పంతుళ్లకు శనివారం ఊపిరి సలపదు. సలిపినా, శనిదానం అనే మాట వినబడగానే జాపిన చేయి వెనక్కి పోతుంది. స్తోమత ఉన్నవాళ్లు కోనసీమలోని మందపల్లి దాకా పోయి మందేశ్వరుడికి తైలాభిషేకం చేయించుకుని వస్తారు. లేనివాళ్లు వీధులు వెతుకుతారు. సన్నగా, బట్టతలతో, పంచె కట్టుకుని, అరుగు మీద పేపరు చదువుకుంటూ, బనీను సందులోంచి జంధ్యం కనిపించే ముసలాయన మా వీధిలో ఎవరయ్యా అంటే నేనొక్కణ్ణే.

"అంకుల్, జర మీరు పట్టుండ్రి. రెండు నిమిషాల పని."

"బాబూ, నేను పంతుల్ని కాను."

"ఎర్కనే అంకుల్. బ్రాహ్మణుడైతే సాలని పంతులే జెప్పిండు."

"నాకు మంత్రాలు రావు నాయనా."

"మంత్రం యూట్యూబ్‌ల పెడ్త. మీరు ఊకె చెయ్యి జాపుండ్రి."

చెయ్యి జాపకపోయినా వదలరు. గేటు పక్కన దిమ్మె మీద మూట పెట్టి బండి స్టార్ట్ చేస్తారు. వెనక్కి పిలిచి లాభం లేదు. దానం ఇచ్చాక వెనక్కి తిరిగి చూడకూడదట. ఏ శాస్త్రంలో ఉందో గానీ ఈ ఒక్క నియమాన్ని మా ఊరివాళ్లు పాటించినంత నిష్ఠగా ఇంకే నియమాన్నీ పాటించరు. వర్ని చౌరస్తాలో ఎర్రలైటు పడ్డా ఆగనివాడు, మా గేటు దగ్గర బండి అద్దంలోకి కూడా చూపు పోనివ్వడు.

దానికి వారం రోజుల అనుబంధం కూడా ఉంది. అంతకుముందు దాకా "మంచిగున్నరా అంకుల్" అన్న కుర్రాడు, సోమవారం కూరగాయల దగ్గర నేను ఎదురుపడితే సొరకాయలో మొహం దాచుకుంటాడు. వాడి శని ఇప్పుడు నా దగ్గరుంది కదా. పలకరిస్తే పాత యజమానిని గుర్తుపట్టి వెంట వచ్చేస్తుందని భయం. నేను ఈ ఊళ్లో ముప్ఫై ఏళ్లు కరెంటు బిల్లులిచ్చాను. అప్పుడు కూడా ఇంతమంది నన్ను చూసి తప్పుకోలేదు.

బిల్లులు రాసిన చేయి ఊరుకోదు, లెక్క వేసింది. శని మీనంలో ఉంటే కుంభ, మీన, మేష రాశులకు ఏలినాటి శని. సింహానికి అష్టమ శని. ధనుస్సుకు అర్ధాష్టమ శని. అంటే పన్నెండు రాశుల్లో ఐదింటికి నువ్వులు కావాలి. 2011 జనాభా లెక్కల్లోనే నిజామాబాద్ నగరం మూడు లక్షలు దాటింది. పైచిలుకు వదిలేసి మూడు లక్షలే అనుకుందాం. కులమతాలకు అతీతంగా అందరూ జాతకం చూపించుకున్నారనీ, రాశులు సమానంగా పంచుకున్నారనీ అనుకుందాం. అప్పుడు శని పట్టినవాళ్లు లక్షా పాతికవేల మంది. తలా కిలోంబావు చొప్పున 1,56,250 కిలోలు. లారీకి పది టన్నులు ఎక్కించినా పదహారో లారీ అవసరమవుతుంది. ఈ సరుకంతా దించుకోవడానికి ఊళ్లో కొద్దిమంది పంతుళ్లు, ఒక రిటైర్డ్ కరెంటు గుమాస్తా.

పోనీ ఒక్క విడతతో పోతుందా అంటే, ఆయన రాశికి రెండున్నరేళ్లు ఉండే మనిషి. 2027 జూన్ దాకా మీనం కదలడు. దీనికి తోడు పంచాంగాల పేచీ ఒకటి. దృక్‌సిద్ధాంతం వాళ్లు 2025లోనే శని మారాడన్నారు. వాక్య పంచాంగం ప్రకారం 2026లో గానీ మారడని తిరునళ్లారు శనీశ్వరాలయం వాళ్లు ప్రకటించారు. రెండు మాటలు వినిపించినప్పుడు తెలివైనవాడు ఏదో ఒకటి నమ్ముతాడు. మావాళ్లు అంతకన్నా తెలివైనవాళ్లు. రెండు తేదీలకూ దానం చేస్తున్నారు.

మా ఆవిడ ఈ నువ్వుల్ని గడప దాటనివ్వదు. "మీకు పట్టింది చాలు, నా వంటింటికి పట్టించకండి" అని ఒకటే మాట. కాబట్టి వరండాలో పాత కూలర్ వెనకాల గోదాము వెలిసింది. ఓ రోజు సరుకు తనిఖీ చేస్తుంటే ఒక సంగతి తట్టింది. ఉన్నవి మూడే రకాలు. శనివి నువ్వులు, రాహువువి మినుములు, కేతువువి ఉలవలు. మిగతా ఆరుగురి సరుకేదీ?

పట్టిక అందరికీ తెలిసిందే. రవికి గోధుమలు, చంద్రుడికి బియ్యం, కుజుడికి కందులు, బుధుడికి పెసలు, గురువుకు శనగలు, శుక్రుడికి బొబ్బర్లు. చూశారా, ఇంటికి పనికొచ్చే సామానంతా మంచివాళ్ల చేతుల్లో ఉంది. మంచివాళ్లకు ఎవరూ దానం చేయరు, ఎందుకంటే వాళ్లంటే ఎవరికీ భయం లేదు. నాకు చంద్రుడు బాగాలేడయ్యా, ఈ బియ్యం పట్టు అని తలుపు కొట్టినవాడు ఈ రోజుకీ లేడు. చంద్రుడు బాగాలేకపోతే మనిషికి మనసు బాగుండదు, అంతేగా. మనసు బాగుండకపోతే ఎవడు పట్టించుకుంటాడు? ఉద్యోగం పోతుందంటే నువ్వులు కొంటాడు గానీ.

కుజుడి మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. కుజదోషం అంటే పెళ్లికి అడ్డం, పెళ్లికి అడ్డమంటే తల్లిదండ్రులకు భయం, భయమంటే కందులు. అయితే కందిపప్పు ధర ఒక స్థాయి దాటాక మావాళ్లు శాస్త్రంలో ఇంకో దారి పట్టుకున్నారు. కుజదోషం ఉన్న పిల్లకు కుజదోషం ఉన్న పిల్లవాణ్ణే వెతుకుతున్నారు. రెండూ కొట్టేసుకుంటాయట. దోషానికి దోషం చెల్లు, కందిపప్పు ఎవరింట్లోది వాళ్లింట్లోనే.

గురువు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయనకు పచ్చగా ఉన్నదల్లా ఇష్టమే, అందులో పసుపంటే మరీ ప్రీతి. ఆ లెక్కన ఆర్మూరు, బాల్కొండ, నిజామాబాద్ మార్కెట్ యార్డుల మీద ఉండాల్సిన గురుబలం దేశంలో మరెక్కడా ఉండకూడదు. కానీ పసుపు ధర కోసం, బోర్డు కోసం మా రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో నూటడెబ్బై మందికి పైగా నామినేషన్లు వేసి, మొత్తం 185 మంది అభ్యర్థులతో దేశానికి మా బ్యాలెట్ చూపించాల్సి వచ్చింది. బోర్డు 2025 సంక్రాంతి నాడు వచ్చింది. క్వింటాళ్ల కొద్దీ పసుపు పండించినవాడికే గురువు ఇన్నేళ్లు తిప్పితే, చిటికెడు దానం చేసినవాడికి ఏ తేదీ ఇస్తాడో మీరే ఊహించుకోండి.

ఇంకో దెబ్బ కూడా ఉంది. మా తమ్ముడి కొడుకు పురోహితం నేర్చుకుంటున్నాడు. యాజ్ఞవల్క్య స్మృతిలో నవగ్రహశాంతికి దక్షిణలు ఏమిటో వాడు చెప్పాడు. రవికి పాడి ఆవు, చంద్రుడికి శంఖం, కుజుడికి ఎద్దు, బుధుడికి బంగారం, గురువుకు బట్టలు, శుక్రుడికి గుర్రం, శనికి నల్లావు, రాహువుకు ఇనుము, కేతువుకు మేక. వింటుంటే కడుపు మండింది. నల్లావు ఎక్కడ, కిలోంబావు నువ్వులెక్కడ? గుర్రం ఎక్కడ, బొబ్బర్లెక్కడ? ధరలన్నీ పెరుగుతుంటే, పై నుంచి కిందికి వచ్చింది గ్రహాలొక్కటే. ఆ కాలంలో పుట్టి ఉంటే ఈపాటికి పాలకేంద్రం పెట్టుకుని ఉండేవాణ్ణి.

సరే, తగ్గింది. తగ్గినదైనా బాగుండాలి కదా. ఓసారి పెసలకని కిరాణా దుకాణానికి వెళ్తే సేటు చేటలోకి చెయ్యి పెట్టకముందే అడిగాడు: "దానానికా, తినేతందుకా?" అక్కడ రెండు బస్తాలున్నాయి. తినే బస్తా లోపల, గల్లాకు పక్కన. దానం బస్తా బయట, మెట్టు మీద. ఇంటికొచ్చి ఓ మూట విప్పి పాత పేపరు మీద పోసి చూశాను. పై వరస నువ్వులే. వేలితో తోస్తే అడుగున ఇసక, పుల్లలు, ఏదో కాయ తాలూకు పొట్టు, మధ్యలో ఒక పురుగు తాపీగా నడుస్తూ. శనికి మందుడని పేరు. ఆ పురుగు ఆయన దగ్గరే నడక నేర్చినట్టుంది. నేను అడిగేది ఒక్కటే. గ్రహం పైనుంచి చూస్తోందని నమ్మేవాడు, ఆ గ్రహం ఏ బస్తాలోంచి కొన్నాడో చూడదని ఎలా నమ్ముతాడు?

పట్టేవాడు దొరకని సమస్య ఇప్పటిది కాదు. మాకు పాతిక కిలోమీటర్ల దూరంలో బోధన్ ఉంది. మహాభారతంలోని ఏకచక్రపురం అదేనని మావాళ్ల గట్టి నమ్మకం. బకాసురుడి ఊరు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకొచ్చిన మనిషి, ఇదీ ఆయన పట్టిక. శని పట్టికతో పోలిస్తే ఎంత నిజాయితీగా ఉందో చూడండి. నాకిది కావాలి, ఇస్తే మీ ఊరి జోలికి రాను అని రాక్షసుడు ఎదురుగా నిలబడి చెప్పాడు. మధ్యలో జాతకచక్రం లేదు, దశలు లేవు.

నాకెప్పుడూ ఆ ఏర్పాటు నడిపిన విధానం మీదే ధ్యాస. వంతుల పుస్తకం ఎవరి దగ్గర ఉండేది? కరెంటాఫీసులో మాకు ఒక్క వీధికి లైన్‌మన్ వంతు వేస్తేనే యూనియన్ దాకా పోయేది. ఊరు ఊరంతటికీ ఇంటికొకరి చొప్పున వంతు వేసిన ఆ గుమాస్తా ఎంతటి సమర్థుడు! ఇంట్లో పెళ్లుంది, మా వంతు మాఘమాసానికి మార్చండి అని ఎందరు వచ్చి ఉంటారు! మాకు దున్నపోతుల్లేవు, ఎడ్లయితే నడవవా అని ఎందరు బేరమాడి ఉంటారు! బండెడు అన్నం వండే గుండిగలు ఒక్కో ఇంట్లో ఉండవు కదా, అద్దెకిచ్చే దుకాణం తప్పకుండా ఉండి ఉంటుంది. దాని యజమాని మాత్రం బకాసురుడు నూరేళ్లు చల్లగా ఉండాలని రోజూ దండం పెట్టుకుని ఉంటాడు. అన్నంలోకి కూర ఏమిటన్నది కూడా నాకు తెగని సందేహం. బండెడు అన్నానికి పప్పు ఏ కొలత? ఆ పప్పు బస్తా కూడా మెట్టు మీదిదేనా? అక్కడి రాజు సంగతి భారతంలోనే ఉంది. ఆయన వేరే ఊళ్లో ఉంటూ ఈ ఊరి గొడవ పట్టించుకోలేదు. ఆ ఒక్క వివరం చదివినప్పుడల్లా ఇది మా దగ్గర జరిగిన కథేనని నాకూ నమ్మకం కుదురుతుంది.

పాండవులు అద్దెకున్న బ్రాహ్మడి వంతు వచ్చింది. ఇంట్లో పెద్ద పంచాయితీ. నేను పోతానని భర్త, కాదు నేనని భార్య, మీరిద్దరూ పోతే నా గతేమిటి, నేనే పోతానని కూతురు. మాటలు కూడా సరిగ్గా రాని పిల్లవాడు గడ్డిపోచ పట్టుకుని, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానన్నాడు. వంతు వచ్చిన ఇంట్లో ఇన్ని కన్నీళ్లుంటే, వంతు తప్పిన ఇళ్లలో ఆ పూట హాయిగా భోంచేసి ఉంటారన్నది కూడా నిజమే.

అప్పుడు కుంతి భీముణ్ణి పంపింది. రోజూ తెచ్చే భిక్షలో సగం ఒక్కడే తిన్నా ఆకలి తీరనివాడు, బండెడు అన్నం ఎదుట పడ్డాడు. బకుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ, వాడి అన్నమే తినడం మొదలుపెట్టాడు. బకుడు వచ్చి రెండు చేతులతో వీపు మీద బాదాడు. భీముడు తల తిప్పలేదు. చెట్టు పీకాడు. అయినా లేవలేదు. బండి ఖాళీ అయ్యాక, చేతులు కడుక్కుని, అప్పుడు లేచాడు. దానం పట్టినవాళ్లలో కడుపునిండా తిని, ఇచ్చినవాళ్ల పీడ కూడా నిజంగా వదిలించినవాడు చరిత్ర మొత్తంలో ఆయనొక్కడే. ఆయన తర్వాత ఆ ఉద్యోగానికి మా దిమ్మె దగ్గర దొరికినవాణ్ణి నేను. ఎంపిక ఎంత దిగజారిందో చూడండి.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానో నాకే గుర్తు రావడం లేదు. ఆఁ, నువ్వులు.

కూలర్ వెనకాల సరుకు పెరిగిపోతుంటే మా బండి బాగుచేసే మెకానిక్ భాయిని పిలిచాను. మేకులన్నీ ఏరుకున్నాడు. నూనె సీసాలు కూడా సంచిలో వేసుకున్నాడు. శనిదానం భాయీ, ఆలోచించుకో అన్నాను. "మాకు గ్రహాలు పట్టయి సాబ్, ఫైనాన్సోళ్లే పడ్తరు" అన్నాడు. ఈ ఏడాది నేను విన్న జ్యోతిష్యంలో అర్థమైన మాట అదొక్కటే. మిగతా మూటల్లో ఒకటి ఊరంతా తిరిగి చివరికి మా దిమ్మె మీదికే వచ్చిందని రాస్తే వ్యాసం రక్తికట్టేదే. రాలేదు. ఇచ్చినవాళ్లెవరూ అంత దూరం ఆలోచించరు.

కొందరు దానంతో సరిపెట్టరు, జపం కూడా నన్నే చేయమంటారు. శనికి పంతొమ్మిది వేలు. ఎందుకా సంఖ్య అని మా తమ్ముడి కొడుకుని అడిగితే పట్టిక ఇచ్చాడు. రవి దశ ఆరేళ్లు, జపం ఆరు వేలు. చంద్రుడు పది, పది వేలు. గురువు పదహారు, పదహారు వేలు. శని పంతొమ్మిది, పంతొమ్మిది వేలు. శుక్రుడు ఇరవై, ఇరవై వేలు. ఏడాదికి వెయ్యి, అందరికీ ఒకటే రేటు. శ్లాబుల్లేవు, సర్‌చార్జీ లేదు, ఆలస్యానికి జరిమానా లేదు. మా శాఖలో ఇంత పద్ధతైన టారిఫ్‌ను నేను చూడలేదు. గౌరవం కలిగింది, జపం మాత్రం చేయలేదు.

మొన్నొక శనివారం దిమ్మె దగ్గర ఎవరో నిలబడి ఉంటే, అలవాటు ప్రకారం "నేను పట్టనయ్యా" అంటూ బయటికి వచ్చాను. ఆయన ఇవ్వడానికి రాలేదు. "మీ కాడ దాన్యం జమైందంటగ సార్, మెకానిక్ జెప్పిండు" అన్నాడు. శక్కర్‌నగర్ మనిషి. ఒకప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పని, ఇప్పుడు ఇక్కడ ఏదో గోదాము దగ్గర రాత్రి కాపలా. సంచి తెచ్చుకున్నాడు. నువ్వుల మూట విప్పి చూపించాను. కొన్ని గింజలు అరచేతిలో వేసుకుని, బొటనవేలితో నలిపి, ఇసక ఊది, మళ్లీ మూటలో వేసేశాడు.

"బియ్యం రేషన్‌ల వస్తున్నయి సార్. పప్పు లేదా?"

"శనికి పప్పు ఉండదయ్యా. కందులు కుజుడివి."

కాసేపు ఆలోచించాడు. "అయితే కుజదోషమోళ్లు ఎవరన్నొస్తే నాకొక్క ఫోన్ జెయ్యిండ్రి" అన్నాడు. నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఉలవలు మాత్రం తీసుకుని వెళ్లాడు.

నా చిన్నతనంలో నవంబరు వచ్చిందంటే బోధన్ రోడ్డు చెరకు బళ్లతో నిండిపోయేది. వెనక నుంచి గడ లాక్కున్న పిల్లల్ని బండివాడు తిట్టేవాడే గానీ దిగేవాడు కాదు. నిజాంసాగర్ నీళ్లొచ్చాక చెరకు, చెరకొచ్చాక 1930ల చివర్లో ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీతో క్వార్టర్లు, బడి, ఆసుపత్రి. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవాళ్లం. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరు 23న బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు యూనిట్లకూ లేఆఫ్ ప్రకటించారు. ఏలినాటి శని ఎంత మొండిదైనా ఏడున్నరేళ్లకు వదలాలి. ఆ లెక్కన 2023 జూన్‌కు వదలాలి. ఆ జూన్ వచ్చింది, పోయింది. తెరిపిస్తామన్న మాటలు, కమిటీలు వచ్చాయి గానీ చిమ్నీలోంచి పొగ రాలేదు. ఒక మనిషికి శని పడితే ఊరు ఊరంతా నివారణ చెబుతుంది. ఒక ఊరికి పడితే ఏ ధాన్యం, ఎన్ని కిలోలు, ఎవరికివ్వాలో ఏ పంచాంగంలోనూ రాయలేదు. చెరకుకైతే తొమ్మిది ధాన్యాల పట్టికలో చోటే లేదు.

నాకు జ్యోతిష్యం మీద కోపం లేదు. భయపడ్డ మనిషి ఏదో ఒకటి చేతిలోంచి వదలాలనుకుంటాడు, అది సహజం. వదిలింది ఇంకొకరి చేతిలో పడితే అంతకన్నా మంచిది. నా గొడవంతా ఒక్కదాని మీదే. ఇచ్చేవాడు తన జాతకం చూసుకుంటాడు, గ్రహం ఇష్టం కనుక్కుంటాడు, వారం, తిథి, రంగు అన్నీ అడుగుతాడు. పుచ్చుకునేవాణ్ణి మాత్రం నీకేం కావాలని ఒక్క మాట అడగడు. పైగా వెనక్కి తిరిగి చూడకూడదంటాడు. చూస్తే తెలిసేది, ఆ మూట ఎవరికీ అక్కర్లేదని.

కాబట్టి ఏలినాటి, అష్టమ, అర్ధాష్టమ శని బాధితులందరికీ నా మనవి. దానం మానకండి, చేయండి. చేసే ముందు పట్టేవాణ్ణి అడగండి. నువ్వులు కావాలంటే నువ్వులే ఇవ్వండి, ఇసక లేకుండా. కందిపప్పు కావాలంటాడు, కుజుడు ఏమీ అనుకోడు. పిల్ల ఫీజంటాడు, కళ్లద్దాలంటాడు, లేదంటే కరెంటు బిల్లంటాడు. కరెంటు బిల్లు ఏ గ్రహానికి ప్రీతో నాకు తెలియదు. ఇన్నేళ్లు బిల్లులు రాసిన అనుభవంతో చెబుతున్నాను, గడువు తేదీలోగా కట్టేయండి. ఆ ఇంట్లో ఆ నెల శని ఉండదు.